గుడ్ల అట్ట నుంచి గవ్వల దాకా: పిల్లలకు ఇంట్లో లెక్కలు నేర్పే పద్ధతి

మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పటి మాట. పన్నెండో ఎక్కం దాకా ఆగకుండా అప్పజెప్పేది. ఒక ఆదివారం హైదరాబాద్ నల్లకుంటలో మా ఇంటి కింది దుకాణం నుంచి కోడిగుడ్ల అట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, "ఎన్ని ఉన్నాయో చూడమ్మా" అన్నాను. వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అంటూ మొదలుపెట్టింది. పద్దెనిమిది దగ్గర తప్పి మళ్లీ మొదటికి వచ్చింది. వరుసకు ఆరు చొప్పున ఐదు వరుసలు. "ఐదార్లు ముప్పై" అని ఆ ఉదయమే నాకు పాడి వినిపించిన పిల్ల! ఆ పాటకూ ఈ అట్టకూ చుట్టరికం ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత రెండేళ్లు ఇంట్లో ఏమేమి చేశామో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఐదేళ్ల నుంచి పదకొండేళ్ల పిల్లలకు సరిపోతుంది. నేను ఉపాధ్యాయురాలిని కాను. చదివి కొంత, చెడగొట్టుకుని దిద్దుకుని మరికొంత నేర్చుకున్నాను. అన్ని అడుగుల్లోనూ వాడే పనిముట్టు ఒకే ఒక ప్రశ్న: "ఎలా వచ్చింది?" జవాబు తప్పయినప్పుడే అలా అడిగితే పిల్లలకు అది తిట్టులా వినిపిస్తుంది. ఒప్పయినప్పుడు కూడా అదే గొంతుతో అడగాలి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

వంద చింతపిక్కలు, వంద ఐస్‌క్రీం పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, నాలుగు గవ్వలు, ఒక వైకుంఠపాళి పటం, గళ్ల నోటు పుస్తకం, కత్తెర. మీ కోసం ఇంకో చిన్న నోటు పుస్తకం. గవ్వలు పూజా సామగ్రి అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. సమయం రోజుకు పదిహేను నిమిషాలు చాలు. బడి నుంచి వచ్చి, హోంవర్క్ ముగించి, ఆవలిస్తున్న పిల్లను కూర్చోబెట్టకండి. మా ఇంట్లో ఉదయం టిఫిన్‌కు ముందు కుదిరింది.

సామాన్ల కంటే ముందు మన నోటిని సిద్ధం చేసుకోవాలి. "నాకూ చిన్నప్పుడు లెక్కలు వచ్చేవి కావులే" అని ఓదార్పుగా అంటుంటాం. లెక్కలంటే భయం ఉన్న తల్లిదండ్రులు తరచుగా హోంవర్క్ చేయిస్తే, ఒకటి రెండు తరగతుల పిల్లలు ఆ ఏడాది తక్కువ నేర్చుకున్నారని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించారు. అలాంటి తల్లిదండ్రులే హోంవర్క్‌లో అంతగా తలదూర్చని ఇళ్లలో ఆ నష్టం కనిపించలేదు. కాబట్టి మీకు భయం ఉంటే హోంవర్క్‌ను వదిలేసి, కింద చెప్పే ఆటలు ఆడండి. భయం పట్టుకున్నప్పుడు బుర్రలో లెక్కను నిలుపుకొనే చోటు ఇరుకైపోతుంది. తెలిసిన జవాబు కూడా తప్పించుకుపోతుంది. మనకూ అంతే, పిల్లలకూ అంతే.

మొదటి అడుగు: వారం రోజులు ఊరికే చూడండి

నేర్పడం తర్వాత. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో ముందు తెలియాలి. నాలుగో తరగతి లెక్క రాకపోవడానికి కారణం చాలాసార్లు ఒకటో తరగతిలో దాక్కుని ఉంటుంది. ఈ నాలుగూ అడిగి చూడండి.

"ముప్పై నుంచి వెనక్కి లెక్కపెట్టు." ఇరవై దాటి పంతొమ్మిదిలోకి దిగే చోట తడబడుతుందేమో గమనించండి.

"ఎనిమిదికి ఆరు కలిపితే ఎంత?" జవాబు కంటే దారి ముఖ్యం. ఒకటి నుంచి మొదలుపెట్టి పద్నాలుగు వేళ్లు లెక్కపెడితే అది మొదటి మెట్టు. ఎనిమిదిని మనసులో ఉంచుకుని తొమ్మిది, పది అని ముందుకు వెళితే రెండోది. ఆరులోంచి రెండు తీసి ఎనిమిదిని పది చేసి, మిగిలిన నాలుగు కలిపితే మూడోది. వేళ్లు వాడటం తప్పు కాదు, చేతి మీద కొట్టకండి. పై మెట్టు అందగానే వేళ్లు వాటంతట అవే ఆగిపోతాయి.

"52లో ఈ 5 అంటే ఎంత?" ఐదు అంటే ఒక అర్థం, యాభై అంటే ఇంకో అర్థం.

"43లోంచి 17 తీసెయ్." 34 అని రాసే పిల్లలు చాలామంది. మూడులోంచి ఏడు పోదు కనుక ఏడులోంచి మూడు తీసేస్తారు. ఇది అజాగ్రత్త కాదు. పిల్ల తనకు తాను కట్టుకున్న నియమం అది, ప్రతిసారీ అలాగే చేస్తుంది.

మీ నోటు పుస్తకంలో తేదీ వేసి, పిల్ల మాటల్లోనే రాసుకోండి. ఈ వారం ఏదీ దిద్దకూడదు. అన్నిటికంటే కష్టమైన పని ఇదే. మూడో రోజుకే నేను ఆగలేక ఉపన్యాసం ఇచ్చి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

రెండో అడుగు: పదుల కట్టలు

ఐస్‌క్రీం పుల్లలు పదేసి కట్టించండి. 43 అంటే నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు. పదిహేడు ఇవ్వమని చెయ్యి చాపండి. ఒక కట్ట ఇస్తుంది, తర్వాత ఏడు విడి పుల్లలు కావాలి, మూడే ఉన్నాయి. ఏం చేయాలో మీరు చెప్పకండి. కాసేపు చూసి తనే ఒక కట్ట విప్పుతుంది. ఇప్పుడు విడివి పదమూడు. వాటిలోంచి ఏడు ఇచ్చేస్తే రెండు కట్టలు, ఆరు పుల్లలు మిగులుతాయి. బడిలో దీన్ని అప్పు తేవడం అంటారు. "అప్పు తెస్తే మళ్లీ ఎప్పుడు తిరిగి ఇస్తాం?" అని మా అమ్మాయి అడిగింది. నిజమే, ఎవరూ తిరిగి ఇవ్వరు! అప్పటి నుంచి మా ఇంట్లో అది "కట్ట విప్పడం".

ఇక్కడ తెలుగు మనకు ఎంతో సాయం చేస్తుంది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్ల ఫోర్టీన్ అన్నప్పుడు నాలుగు ముందు వినిపిస్తుంది, 41 అని రాసేస్తుంది. పద్నాలుగులో పది ముందుంది, నాలుగు వెనకుంది. పదహారు, పదిహేడు, పంతొమ్మిది, అన్నిటిలోనూ పదే ముందు పలుకుతుంది. ఇరవై మూడు, యాభై ఆరు అయితే చెప్పనక్కర్లేదు, కట్టలూ పుల్లలూ పేరులోనే ఉన్నాయి. బడి ఏ మాధ్యమమైనా సరే, ఇంట్లో అంకెలు తెలుగులో కూడా పలికించండి.

మన ఊళ్లో ఇంకో భాష కూడా చెవిన పడుతుంది కదా. పండ్ల బండివాళ్ల ఉర్దూలో 29 అంటే ఉన్‌తీస్, ముప్పైకి ఒకటి తక్కువ అని. 39, 49, 59 కూడా అలాగే. ఇది కూడా పిల్లలకు చెప్పండి. 29కి 17 కలపాలంటే, 29ని ముప్పై అనుకుని, ఆ ఒకటి 17లోంచి తెచ్చుకుంటే 30, 16. మొత్తం 46. ఈ కిటుకు మా అమ్మాయికి నేను కాదు, జామకాయలు అమ్మే ఆయన నేర్పాడు.

చిన్నపిల్లలు ఉంటే రోజూ ఒక ఆట వైకుంఠపాళి ఆడండి. ఒక్క షరతు: 17 గడిలో ఉండి మూడు పడితే "ఒకటి, రెండు, మూడు" అంటూ జరపకూడదు. "పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై" అంటూ జరపాలి. అంకెలు వరుసగా ఉన్న పటం మీద ఇలా ఆడించిన చిన్నపిల్లలకు అంకెల పెద్దాచిన్నా బాగా తెలిసిందని, రంగుల గడుల పటంతో ఆడిన పిల్లల్లో ఆ మార్పు రాలేదని అమెరికాలో రమణి, సీగ్లర్ అనే పరిశోధకులు 2008లో చూపించారు. పావు పిల్ల చేతిలో, పందెం మీ చేతిలో. పాము మింగినప్పుడు వెనక్కి లెక్క కూడా దొరుకుతుంది.

మూడో అడుగు: దుకాణదారు లెక్క

ముందు పదికి జంటలు నోటికి రావాలి: 9కి 1, 8కి 2, 7కి 3, 6కి 4, 5కి 5. పది చింతపిక్కల్లో కొన్ని గుప్పిట్లో దాచి, మిగిలినవి చూపించి, "దాచినవి ఎన్ని?" అని అడగండి. వారంలో వచ్చేస్తాయి.

తర్వాత కిరాణా దుకాణానికి పంపండి. 63 రూపాయల సామాను కొని వంద నోటు ఇస్తే, పాతకాలపు దుకాణదారు తీసివేత చేయడు. అరవై మూడు అంటూ మొదలుపెట్టి, ఏడు వేసి డెబ్బై అంటాడు, ముప్పై పెట్టి వంద అంటాడు. చిల్లర 37. తీసివేత అంటే రెండు అంకెల మధ్య దూరం అని ఇంతకంటే తేలికగా చెప్పలేం. చార్మినార్ కట్టింది 1591లో, మరి ఇప్పటికి ఎన్నేళ్లు? తొమ్మిది వేస్తే 1600, నాలుగు వందలు వేస్తే 2000, ఆపైన ఈ ఏటి అంకె. కాగితం అక్కర్లేదు.

చెల్లింపులన్నీ ఫోన్లోకి మారాక పిల్లలకు చిల్లర కనిపించడం మానేసింది. నెలకు రెండుసార్లయినా నోట్లు పట్టుకుని రైతు బజారుకు వెళ్లండి. ఎర్రగడ్డ అయినా, మెహదీపట్నం అయినా ధరల బోర్డు ఉంటుంది. పిల్ల చేతికి రెండు వందలు ఇచ్చి, అమ్మే మనిషి లెక్క చెప్పేలోపు సుమారుగా ఎంతవుతుందో చెప్పమనండి. కచ్చితంగా రానక్కర్లేదు. కిలో 48 ఉన్న వంకాయలు ముప్పావు కిలో అంటే "నలభై లోపే" అంటే చాలు. ఉజ్జాయింపు అలవాటైన పిల్ల పరీక్షలో 360 బదులు 3600 రాసినా తనే పట్టుకుంటుంది.

నాలుగో అడుగు: ఎక్కాలు, పది మాత్రమే

ఎక్కాల పాట వద్దని నేను అనను. "రెండు రెళ్లు నాలుగు, మూడు మూళ్లు తొమ్మిది" అని మా నాన్నగారు ఇప్పటికీ రాగం తీస్తారు, వినడానికి బాగుంటుంది. చిక్కు ఏమిటంటే, పాటగా మాత్రమే నేర్చుకున్న పిల్లకు 7×8 కావాలంటే 7×1 దగ్గర నుంచి ఎక్కవలసి వస్తుంది. అందుకే పాటకు ముందు పటం.

గళ్ల కాగితం మీద అడ్డం పది, నిలువు పది గడుల పట్టిక గీయించండి. మొత్తం వంద గడులు. ఒకటో ఎక్కం, పదో ఎక్కం నేర్చుకోవడానికి ఏమీ లేదు, కొట్టేయండి. 64 మిగిలాయి. ఇప్పుడు గుడ్ల అట్టను పక్కకు తిప్పండి. ఐదు ఆర్లయినా ఆరు ఐదులయినా అవే ముప్పై గుడ్లు. అలాంటి జంటల్లో ఒకదాన్ని కొట్టేస్తే 36. రెండో ఎక్కం అంటే రెట్టింపు, అవి ఎనిమిది పోతే 28. ఐదో ఎక్కం గడియారంలోని పెద్దముల్లు నేర్పుతుంది. ఏడు పోతే 21. తొమ్మిదో ఎక్కం అంటే పదో ఎక్కంలో ఒక వరుస తక్కువ: ఆరు తొమ్మిదులు కావాలంటే 60లోంచి 6 తీసేయాలి. ఇంకో ఆరు పోతాయి, 15. వీటిలో ఐదు చదరాలు, 3×3, 4×4, 6×6, 7×7, 8×8. చదరాలను పిల్లలు ఎందుకో ఇష్టంగా గుర్తుపెట్టుకుంటారు. చివరికి పది మిగులుతాయి:

3×4, 3×6, 3×7, 3×8, 4×6, 4×7, 4×8, 6×7, 6×8, 7×8.

వంద గడుల్లో తొంభై కొట్టేసిన కాగితాన్ని పిల్ల చేతిలో పెట్టినప్పుడు ఆ మొహం చూడాలి! కొట్టివేతలు తన చేతే చేయించండి. మీరు తయారుచేసి ఇస్తే అది ఇంకో చార్టు అవుతుంది, గోడ మీద ఉండిపోతుంది.

ఆ పదింటికి కత్తెర. 7×8 గడుల దీర్ఘచతురస్రాకారపు ముక్కను, అంటే ఏడు వరుసలు, వరుసకు ఎనిమిది గడులు, కత్తిరించమనండి. ఐదు వరుసల తర్వాత మళ్లీ కత్తిరించమనండి. ఒక ముక్క 40, ఇంకోటి 16. కలిపితే 56. 6×7 అయితే ఐదు ఏడ్లు 35, ఇంకో ఏడు, 42. నాలుగో ఎక్కం రెట్టింపుకు రెట్టింపు: 7, 14, 28. పై తరగతుల్లో బీజగణితంలో కుండలీకరణాలు విప్పడం అంటే ఈ కత్తెర పనే, అప్పటికి చేతులకు అలవాటై ఉంటుంది.

ఆ తర్వాత ప్రశ్నను తిరగేయండి. "24 పిక్కలను సమానమైన వరుసలుగా ఎన్ని రకాలుగా పేర్చవచ్చు?" రెండు పన్నెండ్లు, మూడు ఎనిమిదులు, నాలుగు ఆర్లు, ఒకే పొడవు వరుస. ఇప్పుడు ఒక పిక్క తీసేయండి. 23 ఎటు తిప్పినా ఒకే వరుస! మా అమ్మాయి వాటికి "మొండి అంకెలు" అని పేరు పెట్టింది. వాటిని ప్రధాన సంఖ్యలంటారని ఐదో తరగతిలో తెలిసినప్పుడు, ఆ పేరు తనకు అంతగా నచ్చలేదు.

ఐదో అడుగు: పదహారణాల భిన్నాలు

భిన్నాల్లో పిల్లలు పడే మొదటి గోతి: ఎనిమిది నాలుగు కంటే పెద్దది కనుక 1/8 కూడా 1/4 కంటే పెద్దదనుకోవడం. చపాతీ మడిచి చింపితే చాలావరకు సర్దుకుంటుంది. నలుగురికి పంచితే పెద్ద ముక్కా, ఎనిమిదిమందికి పంచితే పెద్ద ముక్కా?

రెండో గొయ్యి కూడిక. 1/4, 1/8 కలిపితే 2/12 అని రాస్తారు. ఇక్కడికి తాతయ్యలను పిలవండి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చే వరకు రూపాయికి పదహారు అణాలు. నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయికీ పదహారే. పదహారణాల తెలుగు అని మనం అనేది అందుకే. అర్ధరూపాయి ఎనిమిది అణాలు, పావలా నాలుగు, బేడ రెండు. పావలాకు బేడ కలిపితే ఆరు అణాలు, అంటే పదహారులో ఆరు, ఎనిమిదిలో మూడు. హారాలు సమానం చేయడం అంటే రెండు నాణేలనూ అణాల్లోకి మార్చుకోవడం, అంతే. ఇది పట్టుబడ్డాక పిల్లలు 3/4, 3/8 కూడా నోటితో కలుపుతారు: పన్నెండు, ఆరు, మొత్తం పద్దెనిమిది అణాలు, రూపాయి బేడ.

మూడో వంతు వచ్చిందంటే అణాలు చేతులెత్తేస్తాయి, పదహారు మూడు భాగాలు కాదు. అప్పుడు గడియారం. అరగంట 30 నిమిషాలు, మూడో వంతు గంట 20, కలిపితే 50 నిమిషాలు, అరవైలో యాభై, ఆరులో ఐదు. "అణాలు పనికిరావు, మరి ఏది పనికొస్తుంది?" అని పిల్లే వెతుక్కుంటే కనిష్ఠ సామాన్య గుణిజం సగం వచ్చేసినట్టే.

వంటింట్లో నిష్పత్తులు ఉండనే ఉన్నాయి. దోశ పిండికి ఒక గ్లాసు మినపప్పు, మూడు గ్లాసుల బియ్యం. చుట్టాలు వచ్చి బియ్యం నాలుగున్నర పోస్తే పప్పు ఎంత? తప్పు చెబితే దోశే చెబుతుంది.

ఆరో అడుగు: ముగ్గు, గవ్వలు

ఇప్పటి దాకా చేసింది అవసరం కోసం. ఇది సరదా కోసం, మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది కూడా ఇదే.

ఏడు చుక్కల వరుస పెట్టి, దానికి పైనా కిందా 5, 3, 1 పెట్టండి. మొత్తం 25. పై నాలుగు వరుసలే చూస్తే 1, 3, 5, 7, కలిపితే 16, అంటే నాలుగు నాలుగులు. కింద మిగిలినవి 9, మూడు మూళ్లు. ఒకటి నుంచి వరుసగా బేసి అంకెలు కలుపుతూ పోతే ఎప్పుడూ చదరమే ఎందుకు వస్తుంది? చింతపిక్కలతో ఒక చదరం పేర్చి, దాని రెండు పక్కలా ఒక్కో వరుస, మూలన ఒక పిక్క చేర్చమనండి. కారణం కళ్ల ముందే ఉంటుంది. చెప్పేయాలని ఉబలాటపడకండి.

తర్వాత సందు చుక్క. నడుమ ఏడు, పైనా కిందా 6, 5, 4. మొత్తం 37. నడుమ చుక్క నుంచి చుట్లుగా చూస్తే 1, 6, 12, 18. తర్వాతి చుట్టు ఎంత? 24 అని పిల్ల ఊహిస్తే, తొమ్మిది నుంచి ఐదుకు దిగే ముగ్గు వేయించి 61 వచ్చిందో లేదో లెక్కపెట్టించండి. అమ్మమ్మలకు ఈ లెక్క వేళ్లలో ఉంది, అడిగితే "అదేం లెక్క, ముగ్గే కదా" అంటారు.

ఇక గవ్వలు. అష్టా చెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఎనిమిదికి అంత గౌరవం ఎందుకు? ముందు నాలుగు రూపాయి బిళ్లలు 160 సార్లు ఎగరేసి, బొమ్మలు ఎన్ని పడ్డాయో గీతలు గీయించండి. నాలుగు బిళ్లలు పడగల తీర్లు 16: బొమ్మే లేనిది ఒకటి, ఒక బొమ్మ నాలుగు తీర్లు, రెండు బొమ్మలు ఆరు, మూడు బొమ్మలు నాలుగు, నాలుగూ బొమ్మలే ఒకటి. కాబట్టి 160లో సుమారుగా 10, 40, 60, 40, 10 రావాలి. అచ్చంగా రావు, ఆ తేడా గురించి కూడా మాట్లాడుకోండి. తర్వాత గవ్వలతో అదే చేయండి. గవ్వ ఒకవైపు ఉబ్బు, ఇంకోవైపు చదును, రెండు వైపులా సమానంగా పడాలని లేదు. మా నాలుగు గవ్వల్లో ఒకటి మహా మొండిది, దాన్ని పట్టుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

ఊరు తిరుగుతూ

మెట్రో ఎర్ర లైనులో మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా 27 స్టేషన్లు. వాటి మధ్య ఎడాలు ఎన్ని? 27 అంటారు పిల్లలు, చాలామంది పెద్దలు కూడా. 26. మొత్తం సుమారు 29 కిలోమీటర్లు కనుక ఒక్కో ఎడం కిలోమీటరు పైచిలుకు. నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శన సాధారణంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు. ఇక్కడ మాత్రం రెండు చివరలూ లెక్కలోకి వస్తాయి, 46 రోజులు. ఎప్పుడు ఒకటి తగ్గించాలి, ఎప్పుడు తగ్గించకూడదు అన్నది ఒక ప్రయాణానికి సరిపడా వాదన.

ట్యూషను, అబాకస్, పోటీ పరీక్షలు

అబాకస్ నేర్చుకున్న పిల్లలు వేగంగా కలుపుతారు, అది ముచ్చటైన విద్యే. కానీ 43లోంచి 17 ఎందుకు అలా తీస్తామో అది చెప్పదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ మన ఊళ్లో తరుముతున్నారు. మొదటి అడుగులోని నాలుగు ప్రశ్నలకూ తడబడకుండా జవాబు చెప్పే పిల్ల అయితే, తనకు ఇష్టమైతే పంపండి. తడబడుతుంటే ఆ ఫీజు దాచుకోండి. పిల్లల ముందు గడియారం పెట్టి లెక్కలు చేయించే ఆలోచన ఎవరు చెప్పినా, ఎక్కాల మీద పట్టు వచ్చే వరకు వినకండి.

ఎప్పుడు నిపుణుల దగ్గరకు వెళ్లాలి

ఓపికగా ఆరు నెలలు ఆడించినా, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్ల 6, 8లలో ఏది పెద్దదో చప్పున చెప్పలేకపోతే, మూడు నాలుగు చుక్కలను కూడా ప్రతిసారీ వేలుపెట్టి లెక్కపెడుతుంటే, నిన్న వచ్చింది ఇవాళ పూర్తిగా చెరిగిపోతుంటే, గడియారం, డబ్బు రెండూ అంతుచిక్కకపోతే, బద్ధకం అనుకోకండి. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. తర్వాత పిల్లల మనస్తత్వ నిపుణులను కలవండి. లెక్కల విషయంలో ఉండే ఇలాంటి అభ్యసన వైకల్యాన్ని డిస్కాల్క్యులియా అంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాల్లో దీన్ని కూడా పేర్కొంది. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో వెసులుబాట్లు అడగవచ్చు. వెళ్లేటప్పుడు మార్కుల కాగితాలతో పాటు మొదటి వారం నుంచి మీరు రాసుకున్న నోటు పుస్తకం పట్టుకెళ్లండి. ఏ తేదీన ఏ లెక్కకు పిల్ల ఏమని చెప్పిందో అందులో తన మాటల్లోనే ఉంటుంది, నిపుణులు మొదట అడిగేది అదే.